కాంక్రీటు పంపు: పాతదా? క్రొత్తదా?



కోనసీమలో ఇల్లు కట్టదలచినవానికి మొదటి చిక్కు దారి. రాజోలు ప్రాంతమునగాని, కొత్తపేట ప్రాంతమునగాని, అమలాపురము చుట్టుపట్ల గ్రామములలోగాని చూడుడు. రోడ్డుప్రక్కను పంటకాలువ, కాలువపై సన్నని వంతెన, వంతెన దాటిన పిదప కొబ్బరిచెట్ల నడుమ పుంత, ఆ పుంత చివర ఇల్లు. కాంక్రీటు తెచ్చు బరువైన లారీ రోడ్డుమీదనే నిలిచిపోవును. పూర్వము కూలీలు వరుసగా నిలువబడి, తట్టలు చేతులు మార్చుకొనుచు పైకి అందించెడివారు. ఇప్పుడు పెక్కుచోట్ల ఆ పని పంపు చేయుచున్నది. యంత్రమును రోడ్డుప్రక్క నిలిపి, చెట్ల నడుమ ఇనుప గొట్టములు పరచి, కాంక్రీటును స్లాబుమీదికి త్రోయించుచున్నారు.

ఈ పంపులను బాగుచేయుట నా వృత్తి. పంపు యజమానులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "మేస్త్రిగారూ, మా పంపు పాతబడినది. దీనినే బాగుచేయించుకొందుమా? అప్పుచేసి క్రొత్తది కొందుమా?" దీనికి నేను వెంటనే బదులు చెప్పను. యంత్రమునకు ఎన్నియేండ్లు నిండినవని అడుగుటకన్న, అందులో ఏ భాగము అరిగినదని అడుగుట మేలు. ఆ సంగతియే నేడు మీకు మనవి చేయుదును.

కాంక్రీటును గొట్టములో పంపవచ్చునను ఊహ క్రొత్తది కాదు. 1927లో జర్మనీ దేశపు ఇంజనీర్లు ఇరువురు దీనిని చేసి చూపిరి. 1950 తరువాతి దశకములో నూనె ఒత్తిడితో నడచు జంట సిలిండర్ల పంపులు వాడుకలోనికి వచ్చినవి. 2010లో ప్రారంభోత్సవము జరిగిన దుబాయి నగరపు బుర్జ్ ఖలీఫా మేడను కట్టునపుడు 600 మీటర్లకు మించిన యెత్తునకు కాంక్రీటును పంపుతో ఎక్కించిరి. మన రెండంతస్తుల యింటికి వచ్చు చిన్న పంపులోని సూత్రమును అదియే.

ఆ సూత్రము తెలిసికొన్న యెడల తక్కినది సులభము. పంపునకు ముందొక తొట్టి యుండును. అందులో కాంక్రీటు పోయుదురు. తొట్టి వెనుక రెండు సిలిండర్లు ప్రక్కప్రక్కన నుండును. ఒకటి కాంక్రీటును లోనికి పీల్చుచుండగా రెండవది తనలోనిదానిని ముందునకు త్రోయును. ఎస్ అక్షరమువలె వంకర తిరిగిన గొట్టమొకటి తొట్టిలో అటునిటు ఊగుచు, త్రోయుచున్న సిలిండరు నోటికి ఎప్పటికప్పుడు వచ్చి చేరును. పని యింతియే. కాని ఈ దారిని పోవునది నీరు కాదు. కంకర, ఇసుక, సిమెంటు కలిసిన ముద్ద. అది ఇనుమును ఆకురాయివలె గీయుచు పోవును.

కావున పంపులోని భాగములను నేను మూడు తెగలుగా విభజింతును. అరుగుటకే పుట్టినవి మొదటి తెగ. కాలముతో ముసలివగునవి రెండవ తెగ. ఉపేక్షించిన ప్రాణము తీయునవి మూడవ తెగ.

పిస్టనులకు తొడుగు రబ్బరులు, సిలిండర్ల నోటికి బిగించు పలక, ఎస్ గొట్టపు మూతికుండు ఉక్కు వలయము మొదటి తెగలోనివి. నాగలికి కఱ్ఱు ఎట్టిదో పంపునకు ఇవి యట్టివి. కఱ్ఱు అరిగినదని రైతు నాగలిని పారవేయునా? వీనిని మార్చవలసివచ్చుటచేతనే యంత్రము పనికిరానిదని తలచువారు తొందరపడుచున్నారు. క్రొత్త పంపు కొన్నను ఇవి అరుగును.

ఇంజను, నూనెకు ఒత్తిడినిచ్చు పంపు, సిలిండర్ల లోపలి క్రోమియము పూత రెండవ తెగలోనివి. వీని స్థితిని తెలిసికొనుటకు గొప్ప పరికరము లక్కరలేదు. సిలిండర్ల వెనుక నీటిపెట్టె యుండును. పని నడచుచుండగా అందలి నీరు సిమెంటుతో మురికియైన, పిస్టను రబ్బరు అరిగినదని యర్థము. క్రొత్త రబ్బరు వేసిన కొలది రోజులకే నీరు మరల మురికి తిరిగినయెడల దోషము రబ్బరులో లేదు. సిలిండరు పూతయే గీతలుపడి పోయినది. అట్లే నూనెను చూడుడు. పాలవలె తెల్లబడిన, అందు నీరు చేరినది. నల్లబడి మాడువాసన కొట్టిన, మితిమీరి వేడెక్కినది. ఈ భాగములలో ఒకటి చెడిన బాగుచేయించుకొనవచ్చును. మూడును ఒక్కసారి చెడిన, ఆ ఖర్చు పెట్టుటకుముందు క్రొత్తదాని వెల తప్పక విచారింపవలెను.

మన ప్రాంతమున మరియొక శత్రువు కలదు, సముద్రపు గాలి. అంతర్వేది, ఓడలరేవు వైపుల పనిచేసిన పంపునకు ఇనుము త్వరగా త్రుప్పుపట్టును. పని ముగిసిన పిదప పంపును మంచినీటితో కడుగుడు. దగ్గర నున్నదిగదాయని ఉప్పునీటితో కడుగుట, పాలుపోసి పామును పెంచుటవంటిది.

ఇక లెక్క. అంకెలు నేను సులభముగా తెలియుటకై కల్పించినవి; మీ అంకెలు మీరు వేసికొనుడు. క్రొత్త పంపునకు నెలకు 60,000 రూపాయలు వాయిదా కట్టవలెననుకొందము. డీసిలు, కూలి పోగా ఒక స్లాబునకు 6,000 రూపాయలు మిగులుననుకొందము. అప్పుడు నెలలో మొదటి పది స్లాబులును బ్యాంకువారివే. శూన్యమాసములలో ఇండ్లపనులు మందగించును. వానకాలమున స్లాబు వేయువారు తక్కువ. వాయిదాకు శూన్యమాసము లేదు.

పాత పంపునకు మరమ్మతులు నెలకు 25,000 రూపాయలు. అది మూలబడినందున పోయిన నాలుగు స్లాబుల బాడుగ 24,000 రూపాయలు. వెరసి 49,000 రూపాయలు. పాతదానివలన నెలకు 11,000 రూపాయలు మిగిలినట్లే కనబడును. పెక్కుమంది లెక్క ఇక్కడ ఆపుదురు. నేనును ఒకప్పుడు ఇక్కడనే ఆపితిని. అందువలన జరిగినది చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట నాకే యొక పాత పంపు ఉండెడిది. రాజోలు సమీపమున ఒక గృహస్థుని యింటికి స్లాబు పోయుటకు ఒప్పుకొంటిని. ఎస్ గొట్టపు వలయము అరిగి, పలకకును దానికిని నడుమ సందు పడినదని నాకు ముందే తెలియును. "ఈ యొక్క స్లాబు కానిమ్ము, పిదప మార్చుదము" అనుకొంటిని. ఆ సందులోనుండి సిమెంటుపాలు వెనుకకు కారిపోవ, గొట్టములో కంకర పొడిగా మిగిలి, సగము స్లాబు అగుసరికి పంపు బిగిసికొనిపోయినది. గొట్టములు విప్పి, కడిగి, మరల బిగించునప్పటికి రెండు గంటలు దాటినవి. మండుటెండలో అప్పటికే పోసిన కాంక్రీటు అంచు గట్టిపడినది. దానిమీద క్రొత్తది పోసితిమి. పైకి చూచుటకు అంతయు ఒకటిగానే యున్నది. కాని గట్టిపడినదానితో పచ్చిది కలిసిపోదు. అతుకు అతుకుగానే యుండును.

మరుసటి వానలకు ఆ అతుకువెంబడి నీరు కారినది. ఆ గృహస్థుడు 1996 నవంబరు తుపానులో తాటాకుటిల్లు పోగొట్టుకొన్నవాడు. ఆయన నాతో కోపముగా మాటాడలేదు. "తుపానుకు ఇల్లు పోయినదని స్లాబు వేయించుకొంటిని, బాబూ. ఇప్పుడు స్లాబుక్రింద గిన్నె పెట్టుకొనుచున్నాను" అనెను. అంతియే. నేను నా ఖర్చుతో అతుకును చెక్కించి పూడ్పించితిని. ఆ సంవత్సరము పాత పంపు మిగిల్చినదంతయు అక్కడనే పోయినది. పై లెక్కలో చూడుడు: నాలుగు నెలలు మిగిలిన 44,000 రూపాయలను ఒక్క చెడిన స్లాబు మ్రింగివేయగలదు. ఆయన మాట లెక్కకు అందునది కాదు.

ఇక మూడవ తెగ. గొట్టములు, వానిని కలుపు క్లాంపులు, చివరనుండు రబ్బరు గొట్టము. వీనియెడల మమకారము కూడదు. తిన్నని గొట్టము అడుగున అరుగును. కావున అప్పుడప్పుడు మూడవవంతు చొప్పున త్రిప్పి బిగింపవలెను. వంపు గొట్టము వెలుపలి ప్రక్కను అరుగును. మందము కొలుచు పరికరముతో పరీక్షింపించుడు. పలుచబడినదానికి అతుకువేసి వాడరాదు. పాత ఇనుము క్రింద అమ్మివేయుడు. గొట్టము బిగిసినపుడు పంపును వెనుకకు నడిపి ఒత్తిడి తీసిన పిదపనే క్లాంపు విప్పవలెను. గొట్టములో గాలి చిక్కినయెడల, అది వెలువడునపుడు చివరి రబ్బరు గొట్టము త్రాచువలె ఎగిరి కొట్టును. ఆ చివరను పట్టుకొని నిలుచువాడు రోజుకూలికి వచ్చినవాడు. పంపు పాతదో క్రొత్తదో వాని కెవరును చెప్పరు.

మన గోదావరి తీరమున ఈ విషయమున మంచి పాఠములు రెండు కలవు. కాటన్ దొరగారి కాలమున 1847లో ఆరంభమై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టను మరమ్మతులు చేయుచు నూరేండ్లకు పైగా వాడుకొంటిమి. తుదకు 1970లో క్రొత్త బ్యారేజి పని మొదలుపెట్టి 1982లో ముగించిరి. గన్నవరమువద్ద వైనతేయ గోదావరిమీదుగా కాలువను దాటించు పాత అక్విడక్టును ఆ శతాబ్దపు కట్టడమే. క్రొత్తది 2000లో వచ్చినది. పాతవానిని ఎవరును తొందరపడి త్రోసిపుచ్చలేదు; అవి పూర్తిగా కూలువరకును ఎవరును ఎదురుచూడలేదు. క్రొత్తది సిద్ధమగువరకు పాతది నీరిచ్చుచునే యుండెను.

పంపు విషయమునను నా సలహా యిదియే. అరుగు భాగములు సకాలమున మార్చుచు, వాని జతనొకదానిని ఎల్లప్పుడు పెట్టెలో నుంచుకొని, గొట్టముల విషయమున పిసినారితనము చూపకుండగలవాడు పాత పంపునే నిశ్చింతగా నడుపుకొనవచ్చును. విడిభాగములు దొరకుట మానినపుడు, సిలిండర్లును నూనెపంపును కలిసి చెడినపుడు, లేక "ఈ స్లాబు మధ్యలో ఆగునేమో" అను భయముతో ఇల్లు విడిచి బయలుదేరవలసివచ్చినపుడు క్రొత్తది కొనుడు. పాతది నడుచుచుండగానే కొనుడు. అది మూలబడిననాడు బేరమాడు శక్తి మీకుండదు.

ఇల్లు కట్టించుకొనువారికిని ఒక మాట. పంపు రంగు చూచి మోసపోకుడు. నీటిపెట్టె మూత తీయించి చూడుడు. "వలయము ఎప్పుడు మార్చితిరి?" అని అడుగుడు. ఆనాడు రాజోలులో ఆ గృహస్థుడు నన్ను ఆ ప్రశ్న అడిగియుండిన, నేను అబద్ధమాడలేకపోయెడివాడను. ఆ గిన్నె వంటింటిలోనే ఉండెడిది.