ఏడును ఎక్కడ విరవాలి?

గురజాడ ముత్యాలసరాన్ని పైకి చదివేవాళ్లు మాత్రలు లెక్కపెట్టుకుంటూ చదవరు. అయినా ఏడేసి మాత్రలు మూడూ నాలుగుగా విడిపోతాయి, గొంతు ఆ విరుపుల మీదే నడుస్తుంది. అదే ఏడును నాలుగూ మూడుగా విరిస్తే మొత్తం మారదు, నడక మారిపోతుంది. కర్ణాటక సంగీతంలో ఈ తేడాకు పేర్లే ఉన్నాయి: 3+4 అయితే మిశ్రచాపు, 4+3 అయితే విలోమచాపు. శ్యామశాస్త్రి విలోమచాపులో కృతులు చేసింది ఏడు అనే అంకె కోసం కాదు, ఆ విరుపు కోసం. కంప్యూటర్‌లో స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు ఇలాంటి విరుపును మనమే నిర్ణయించుకునే వీలు ఇస్తున్నాయి. చాలామంది దాన్ని పాటంతా రాశాక చివర్లో చేసే అలంకారంగా చూస్తారు. అది మొదటి స్వరం పెట్టకముందే చెయ్యాల్సిన పని అని నా వాదన.

పాశ్చాత్య స్వరలిపిలో పాట మొదట్లో ఒకదాని కింద ఒకటిగా కనిపించే రెండు అంకెలను టైమ్ సిగ్నేచర్ అంటారు. ఏ రకం స్వరాన్ని కొలమానంగా తీసుకున్నామో కింది అంకె చెబుతుంది, రెండు నిలువు గీతల మధ్య ఉండే ఒక్కో బార్‌లో అవి ఎన్ని పడతాయో పై అంకె చెబుతుంది. ఎన్నో చెబుతుందే గాని ఎలా కూడాయో చెప్పదు. 3/4లోనూ 6/8లోనూ పట్టేవి ఆరు ఎయిత్ నోట్లే, అంటే పూర్తి స్వరంలో ఎనిమిదో వంతు ఉండే స్వరాలే. మొదటిదాంట్లో రెండేసి చొప్పున మూడు దెబ్బలు, రెండోదాంట్లో మూడేసి చొప్పున రెండు దెబ్బలు. ఆరు దగ్గర ఈ తేడా చెప్పడానికి రెండు వేర్వేరు సిగ్నేచర్లు ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఏడు దగ్గరికి వచ్చేసరికి ఆ సౌకర్యం పోతుంది. బల్గేరియాలో రచెనిత్సా నాట్యం 2+2+3 మీద నడుస్తుంది. పక్కనే మాసిడోనియాలో లెస్నోటో 3+2+2 మీద నడుస్తుంది. పొడవైన అడుగు ఒకదాంట్లో చివర పడితే ఇంకోదాంట్లో మొదటే పడుతుంది. కాగితం మీద మాత్రం రెండూ 7/8. స్వరకర్త బేలా బార్టోక్ ఈ చిక్కును సూటిగా ఎదుర్కొన్నాడు. ‘మైక్రోకాస్మోస్’ చివరి సంపుటంలో బల్గేరియన్ లయల మీద రాసిన 6 నాట్యాల్లో 4+2+3 అనీ, 2+2+2+3 అనీ కూడికలనే సిగ్నేచర్లుగా పెట్టాడు. ఆ రెండు మొత్తాలూ తొమ్మిదే. ఉత్త 9/8 అని వదిలేస్తే, పాఠాల్లో అలవాటైన 3+3+3 వైపే ఏ విద్యార్థి వేళ్లైనా పోతాయి.

చేత్తో రాసేటప్పుడు ఈ విభజన రాసేవాడి మనసులోనే ఉంటుంది. ఒక గుంపులోని ఎయిత్ నోట్లను బీమ్ అనే అడ్డగీతతో కలుపుతాడు, గుంపు మారిన చోట గీత తెంపుతాడు. సాఫ్ట్‌వేర్‌కు ఆ మనసు లేదు. 7/8 అని మాత్రమే చెబితే తనకు ముందే నేర్పిన ఒక విభజనను తీసుకుంటుంది. అది మన విభజన కాకపోతే తప్పు ఒక్క బీమ్‌లతో ఆగదు. నిశ్శబ్దాన్ని చూపే రెస్ట్ గుర్తులను ఎక్కడ ముక్కలు చెయ్యాలో, పొడవైన స్వరాన్ని ఎక్కడ రెండుగా విడగొట్టి కలపాలో కూడా చాలాచోట్ల ఆ విభజనే నిర్ణయిస్తుంది. డొరికో అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో 2+2+3/8 అని టైప్ చేస్తే కూడిక పేజీ మీదే కనిపిస్తుంది. కూడికను చదరపు బ్రాకెట్లలో పెడితే పైకి 7/8 మాత్రమే కనిపిస్తుంది, లోపలి గుంపులు మాత్రం మనం చెప్పినవే. మ్యూజ్‌స్కోర్ ఉచితం కాబట్టి విద్యార్థులకు సులువుగా అందుతుంది. అందులో కొంచెం జాగ్రత్త కావాలి. సిగ్నేచర్‌లో కనిపించే రాతను మార్చడం ఒక పని, బీమ్‌లు ఎక్కడ తెగాలో చెప్పే నోట్ గ్రూపులను మార్చడం ఇంకో పని. మొదటిది చేసి రెండోది మరిచిపోతే పైన 3+2+2 అని ఉండి కింద స్వరాలు మరోలా గుంపుకట్టిన పేజీ తయారవుతుంది. ఏమీ రాయని పేజీ కన్నా అది చెడ్డది.

ఇంత శ్రమ దేనికి, కావలసిన స్వరాల మీద ఊనిక గుర్తు పెడితే సరిపోదా అని అడగవచ్చు. ఊనిక గుర్తుకు అర్థం గట్టిగా వాయించమని. గుంపు మొదలైన ప్రతిచోటా గట్టిగా వాయించాలని లేదు. మెల్లగా సాగే పాటలోనూ విరుపు ఉంటుంది. ప్రతి గుంపునూ విడి బార్‌గా రాయవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. అలా రాస్తే ప్రతి గుంపుకూ ఒక ‘సమం’, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ, వచ్చిపడుతుంది, ఏడక్షరాల ఆవర్తనం ఒక్కటిగా వినబడదు. వీటికన్నా బలమైన ఆక్షేపణ వేరే ఉంది: సంగీతం ఒకే విరుపుకు కట్టుబడదు, ముందే గుంపు నిర్ణయిస్తే రచయిత చేతులు కట్టేసినట్టే. ఇందులో నిజం ఉంది. జాజ్ సంగీతకారుడు డేవ్ బ్రూబెక్ 1959 నాటి ‘బ్లూ రోండో ఆ లా టర్క్’ 9/8లోనే మూడు బార్లు 2+2+2+3గా నడిచి నాలుగో బార్‌లో 3+3+3కు మారుతుంది. అయితే ఆ మార్పు చెవికి సొగసుగా తగిలేది మొదటి మూడు బార్లూ ఒక విరుపును స్థిరంగా నాటినందువల్లే. సాఫ్ట్‌వేర్‌లో నాలుగో బార్‌కు మాత్రం గుంపు మార్చుకోవచ్చు. మారేది స్పష్టంగా తెలియాలంటే మారనిది ముందు రాసి ఉండాలి.

మన సంగీతానికి ఇది పరాయి లిపి, ఈ తంటా మనకెందుకు అన్న ప్రశ్నకు చరిత్రే కొంత జవాబు చెబుతుంది. చిన్నస్వామి ముదలియార్ 1893లోనే మద్రాసులో కర్ణాటక కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చు వేశారు. ఆయన ప్రోత్సహించిన సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలోనే తెచ్చారు. నేటి మన పాఠ్యపుస్తకాల్లో తాళాంగం ముగిసిన చోట ఒక నిలువు గీత, ఆవర్తనం ముగిసిన చోట రెండు గీతలు ఉంటాయి. ఆది తాళం 4+2+2 అని చూడగానే తెలిసిపోతుంది. పాశ్చాత్య లిపిలో బార్‌గీత ఒక్కటే. లోపలి అంగాన్ని చూపే భారం బీమ్‌ల మీద, సిగ్నేచర్‌లోని కూడిక మీద పడుతుంది. గమకాలను ఆ లిపి సరిగా పట్టలేదన్నది నిజమే. తాళాంగాలను మాత్రం పట్టగలదు, మనం చెబితే.

ఈ మాటకు ఇప్పుడు ఒక తొందర కూడా ఉంది. 1988 నుంచి వాడుకలో ఉన్న ఫినాలే అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని ఆపేస్తున్నట్టు దాని యజమానులు 2024 ఆగస్టులో ప్రకటించారు. ఏళ్లుగా అందులో రాసుకున్నవాళ్లు తమ పాటలను మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుగా వేరే సాఫ్ట్‌వేర్లకు తరలిస్తున్నారు. ఆ ఫైల్లో టైమ్ సిగ్నేచర్ పై అంకెను 2+2+3 అని కూడికగానే రాసే వీలుంది. గుంపులను చేత్తో తెంపిన బీమ్‌లుగా మాత్రమే దాచుకున్న పాట కొత్తచోట తెరిచిన రోజు చక్కగానే కనిపిస్తుంది. పల్లవిలో నాలుగు స్వరాలు కొత్తగా చేర్చిన రోజు, ఆ నాలుగింటినీ కొత్త సాఫ్ట్‌వేర్ తన అలవాటు ప్రకారం కలిపేస్తుంది.