చందాదారు సమ్మతి: రచయితల ఈమెయిల్ లేఖల్లో మర్యాద

1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చందాదారులను చేర్చుకొని పుస్తకాలు వెలువరించింది. అక్కడ చందా కట్టడమే సమ్మతి. నేడు గుంటూరు, ఒంగోలు సదస్సుల్లో హాజరుపట్టీకై ఇచ్చిన ఈమెయిల్ చిరునామాను రచయిత తన లేఖల జాబితాలోకి ఎక్కించుకుంటే, అందులో సమ్మతి లేదు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, 2023 సమ్మతిని చెప్పిన ప్రయోజనానికే పరిమితం చేసింది. ఇచ్చినంత సులువుగా దానిని ఉపసంహరించుకొనే వీలుండాలన్నది. కనుక ప్రతి లేఖ అడుగున విరమణ లింకు తప్పనిసరి. అందరి చిరునామాలూ అందరికీ కనబడేలా పంపడం మరింత అనుచితం.

రచయితే పర్యవేక్షకుడైన చోట లింకు కూడా చాలదు. ఆచార్యుని పుస్తకవార్తలు వద్దని నొక్కే ధైర్యం పరిశోధక విద్యార్థికి ఉండదు. నొక్కితే ఆ పేరు ఆయనకు తెలిసిపోతుంది. సిద్ధాంతగ్రంథం ఆమోదం పొందేవరకు అటువంటి పేర్లను ఆచార్యుడే జాబితాలో చేర్చకూడదు.