కోకిల పిల్లను కాకి ఎందుకు పెంచుతుంది?

ఎండాకాలం తెల్లవారుజామున ఉప్పల్, మియాపూర్ లాంటి హైదరాబాద్ శివారు కాలనీల్లో ‘కుహూ’ వినిపిస్తుంది కదా! ఆ పాడేది నల్లటి, ఎర్రకళ్ల మగకోకిల. ఆడది గోధుమరంగులో, తెల్లమచ్చలతో ఉంటుంది. అది గూడు కట్టదు. కాకి గూట్లో గుడ్డు పెట్టేస్తుంది. ఒక్కోసారి మగది కావాలనే కాకి కంటబడి దాన్ని తన వెంట పరిగెత్తిస్తుంది. ఆడకోకిలకు అదే అదను!

మరి అంత తెలివైన కాకి పోల్చుకోలేదా? కోకిల గుడ్డు కాస్త చిన్నదే గానీ, మచ్చలతో ఇంచుమించు కాకి గుడ్డులాగే ఉంటుంది. అసలు కిటుకు మరొకటి ఉంది. కోకిల పిల్ల 12, 13 రోజులకే గుడ్డు పగలగొట్టుకుని వస్తుంది, కాకి పిల్లలకంటే ముందే. పెళ్లి బంతిలో ముందు కూర్చున్నవారికే ముందు వడ్డన కదా, అలా మేత దానికే దక్కుతుంది. ఎర్రగా తెరిచిన నోరు కనిపిస్తే కాకి మేత పెట్టకుండా ఉండలేదు. పాపం, ఆ పిల్ల గూడు దాటి ఎగిరాక కూడా కొన్నాళ్లు మేపుతూనే ఉంటుంది.