లౌడుస్పీకరు ఎందుకు మూగపోతుంది?

ప్రొద్దుటూరు దసరాకు జమ్మలమడుగు, పులివెందుల నుంచి కూడా జనం వస్తారు. ఆ సందడిలో పిల్లవాడు తప్పిపోతే, తల్లికి కబురు చేర్చేది లౌడుస్పీకరే. పాటలు మరీ బిగ్గరగా పెడితే, అది ఆ వేళకు మూగపోవచ్చు. ఎందుచేత?

దానిలో అయస్కాంతం మధ్య సన్నని తీగచుట్ట ఉంటుంది. విద్యుత్తు పారితే చుట్ట అదిరి, దానికి అంటించిన పలుచని పొరను ఆడిస్తుంది, శబ్దం పుడుతుంది. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగు అనేవారు చూపిన పద్ధతి ఇదే.

విద్యుత్తులో చాలాభాగం వేడిగా మారుతుంది. శక్తి రెట్టింపైతే వేడీ రెట్టింపవుతుంది. శబ్దం మాత్రం చెవికి కాస్తే పెరుగుతుంది. చివరకు తీగ మాడి తెగుతుంది.

అందుచేత గొంతు జీరపోగానే శబ్దం తగ్గించాలి. తగిన ఫ్యూజు ఉంటే, ముందు అది కరిగి చుట్టను కాపాడుతుంది. శబ్దం చాలకపోతే మరో స్పీకరు పెట్టాలి. బరువెక్కువైతే రెండో ఎద్దును కట్టాలిగాని, ఉన్నదాన్ని కొట్టరాదుగదా!