ట్రాక్టరు ‘డిఫరెన్షియల్ లాక్’: పనితీరు, పదవిచారం

వ్యాససంగ్రహం:
బరువైన ట్రాలీని లాగుతున్న ట్రాక్టరు మెత్తటి నేలలో దిగబడకుండా చోదకుడు వాడే సాధనం డిఫరెన్షియల్ లాక్. ఈ పేరులోని ‘లాక్’ దేనిని బంధిస్తుందో పేరు చెప్పదు. ఎద్దులబండి ఇరుసు ఆధారంగా దీని పనితీరును, హద్దులను వివరించి, తెలుగులో దీనిని ఎలా చెప్పవచ్చునో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ట్రాక్టరు, ట్రాలీ, ఇరుసు, డిఫరెన్షియల్ లాక్, వృత్తిపదాలు, సిద్దిపేట.

1. ఉపోద్ఘాతం:
భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. ఆ తరువాతి దశాబ్దాలలో నాగలి, బండి చేసే పనులు చాలావరకు ట్రాక్టరుకు మారాయి. యంత్రంతోపాటు దాని ఇంగ్లీషు పేర్లూ పల్లెకు వచ్చాయి. పేరు వచ్చినంత సులువుగా దాని అర్థం రాలేదు. యంత్రం విషయంలో ఈ లోటు ప్రాణాల మీదికి తెస్తుంది.

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. తీసిన ఒండ్రును రైతులు తమ ఖర్చుతో పొలాలకు తరలించుకున్నారు. అప్పటి మెదక్ జిల్లాలో ఉన్న సిద్దిపేట ప్రాంతపు చెరువులలోనూ ఈ పని జరిగింది. చెరువు శిఖంలో నిండిన ట్రాలీ తడి నేల దాటి గట్టెక్కాలి. డిఫరెన్షియల్ లాక్ అవసరం తెలిసే చోటు అదే.

2. ఎద్దులబండి ఇరుసు, ట్రాక్టరు ఇరుసు:
ఎద్దులబండిలో ఇరుసు తిరగదు. దాని రెండు కొసలలో చక్రాలు వేటికవి తిరుగుతాయి. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడుస్తాయి. లాగేవి ఎద్దులు కనుక ఈ తేడా ఎవరికీ ఇబ్బంది కాదు.

ట్రాక్టరులో లాగే పని వెనుక చక్రాలది. ఇంజను శక్తి ఇరుసు ద్వారానే వాటికి చేరాలి. రెండు చక్రాలను ఒకే కడ్డీకి బిగిస్తే రెండూ సమానంగానే తిరుగుతాయి. చక్రాల నడుమ దూరం 1.4 మీటర్లనుకుంటే, సమకోణపు మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు 2.2 మీటర్లు ఎక్కువ నడవాలి. ఒకే కడ్డీ అందుకు వీలివ్వదు. టైరు నేలను రాచుకుంటుంది, ట్రాక్టరు మలుపుకు మొరాయిస్తుంది. అందుకే ఇరుసును రెండుగా చేసి, నడుమ పళ్లచక్రాల అమరిక పెట్టారు. అదే డిఫరెన్షియల్. ఫ్రాన్సుకు చెందిన ఒనెసిఫోర్ పెక్వెర్ 1820ల చివరలో ఆవిరిబండి కోసం ఇటువంటి అమరికకు పేటెంటు పొందాడు.

3. దిగబడటానికి కారణం:
డిఫరెన్షియల్ రెండు చక్రాలకు వేర్వేరు వేగాలను అనుమతిస్తుంది కాని, తిప్పే బలాన్ని మాత్రం దాదాపు సమానంగా పంచుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. ఎడమ చక్రం బురదలో, కుడి చక్రం గట్టి మొరం మీద ఉన్నాయనుకుందాం. బురద 200 కిలోల లాగుడుకే పట్టు ఇస్తే, కుడి చక్రానికి 900 కిలోల పట్టు ఉన్నా దానికీ అందేది 200 కిలోలే. మొత్తం 400. ట్రాలీ కదలదు. ఎడమ చక్రం ఉన్నచోటనే గిర్రున తిరిగి గుంత తవ్వుకుంటుంది.

4. లాక్ చేసే పని:
పెడల్ తొక్కినప్పుడు లాక్ రెండు అర ఇరుసులను ఒకటిగా కలుపుతుంది. రెండు చక్రాలూ సమవేగంతో తిరుగుతాయి. ఏ చక్రానికి ఎంత పట్టు ఉంటే అది అంత లాగుతుంది. పై ఉదాహరణలో లాగుడు 400 నుంచి 1100 కిలోలకు పెరుగుతుంది. ఇంజనుకు కొత్త బలం రాలేదు. వృథాగా ఉన్న పట్టు వాడకంలోకి వచ్చింది. రెండు చక్రాలూ బురదలోనే ఉంటే లాక్ చేయగలిగింది స్వల్పం. రెండు చక్రాల ట్రాలీ అయితే దాని బరువులో కొంత ట్రాక్టరు వెనుక భాగం మీద పడి పట్టును పెంచుతుంది. నాలుగు చక్రాల ట్రాలీలో ఆ మేలు తక్కువ.

5. వాడకంలో హద్దులు:
చక్రం వేగంగా జారుతున్నప్పుడు లాక్ వేస్తే పళ్లు విరగవచ్చు. క్లచ్ తొక్కి, చక్రాలు ఆగాక వేయాలి. తక్కువ గేరులో తిన్నగా నడపాలి. గట్టి నేల చేరగానే విప్పాలి. లాక్‌తో మలుపు తిప్పితే ట్రాక్టరు తిన్నగానే పోజూస్తుంది. చెరువుకట్ట మీద అది ప్రాణాంతకం. కట్ట దిగేటప్పుడు లాక్‌ను బ్రేకుగా భావించరాదు. వెనుక ట్రాలీ నెట్టుతూ ఉంటుంది కనుక కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను ముందే కలిపి ఉంచుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మరొకటి. గుంతలో చిక్కిన వెనుక చక్రాలకు దుంగలు కట్టి బలవంతంగా ముందుకు నడిపితే, చక్రాలు తిరగలేక ట్రాక్టరు ముందుభాగమే పైకి లేస్తుంది. చోదకుడి మీదికి తిరగబడుతుంది. ట్రాలీని ఇరుసు కంటే ఎత్తున తగిలించినా ఇదే ముప్పు. ఇటువంటప్పుడు బరువు దించడం, మట్టి తవ్వడం, వెనక్కి నడపడం ఉత్తమం.

6. పదవిచారం:
గణితంలో ‘డిఫరెన్షియల్’కు ‘అవకలన’ అనే పదం స్థిరపడింది. దానిని ఇక్కడికి తెస్తే ఏ చోదకుడికీ అర్థం కాదు. ఇక్కడి విషయం వేగాలలోని తేడా. ‘తాళం’ అంటే చక్రాలే ఆగిపోతాయన్న భ్రమ కలుగుతుంది. వ్యవహారంలోని ‘లాక్’ను మార్చనవసరం లేదు. వివరణలో మాత్రం ‘చక్రాలను జతకట్టడం’ అనవచ్చు. ఎద్దులను జతకట్టడం రైతుకు తెలిసిన మాట. కట్టినదానిని విప్పాలన్న హెచ్చరిక కూడా అందులోనే ఉంది.

7. ముగింపు:
డిఫరెన్షియల్ బలాన్ని సమం చేస్తుంది, వేగాలను విడదీస్తుంది. లాక్ వేగాలను సమం చేస్తుంది, బలాన్ని విడదీస్తుంది. ఈ ఒక్క భేదం తెలిస్తే ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు విడవాలో తెలుస్తుంది. ట్రాక్టరుతో వచ్చిన పదాలను సేకరించే పరిశోధకులు పేరుతోపాటు పనితీరును, దానిలోని ప్రమాదాన్ని కూడా నమోదు చేస్తే, వృత్తిపదకోశం ఆ వృత్తిలో ఉన్నవారికీ ఉపయోగపడుతుంది.