అలర్జీకి ఇంటి నుంచే అడ్డుకట్ట: ఋతువును బట్టి జాగ్రత్తలు అవసరం

ధూళి, పుప్పొడి వంటి పదార్థాలను రోగనిరోధక వ్యవస్థ శత్రువులుగా భావించి అతిగా స్పందించడమే అలర్జీ. వరుస తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, దద్దుర్లు దీని ముఖ్య లక్షణాలు. సాధారణ జలుబు వారం పది రోజుల్లో తగ్గుతుంది. అలర్జీ మాత్రం దాని కారకం సమీపంలో ఉన్నంత కాలం వేధిస్తుంది. కనుక కారకాన్ని గుర్తించి దూరం చేయడమే తొలి చికిత్స.

వానాకాలంలో తడి గోడలపై బూజు పడుతుంది. నీటి చెమ్మను అరికట్టి, గదులకు గాలి, వెలుతురు సోకేలా చూడాలి. వర్షాలకు విస్తరించే వయ్యారిభామ మొక్క చర్మవ్యాధులకు, ఉబ్బసానికి దారితీయవచ్చు. పాఠశాల ఆవరణల్లో, ఖాళీ స్థలాల్లో దీనిని పూతకు రాకముందే, చేతి తొడుగులు, మాస్కు ధరించి వేరుతో సహా పెకలించాలి.

సంక్రాంతికి ఇల్లు దులిపే పనిని ఉబ్బసం ఉన్నవారికి అప్పగించరాదు. చీపురుకు బదులు తడిగుడ్డ వాడటం మేలు. భోగి మంటల్లో టైర్లు, ప్లాస్టిక్ వేయరాదు.

పరుపులు, దిండ్లలో కంటికి కనిపించని ధూళి పురుగులు ఏడాది పొడవునా ఉంటాయి. దుప్పట్లు, గలీబులను వారానికోసారి 60 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో ఉతకాలి.

అలవాటు పడిపోతామన్న అపోహతో వైద్యులు సూచించిన ఇన్‌హేలర్‌ను మానరాదు. నిద్రమత్తు కలిగించే అలర్జీ మాత్రలు వేసుకుని వాహనం నడపరాదు. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక తక్షణమే 108కు ఫోన్ చేయాలి.