పోలికను చెప్పే రోగనామాలు

ఒక రోగం మరొక రోగంలా కనిపించడం వైద్యునికి చిక్కు. ఆ పోలికను పేరులోనే చేర్చడం వల్ల భాషలోనూ చిక్కు ఏర్పడుతుంది. ఇతర భాషల నడుమ తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ రెండూ ఒకేసారి ఎదురవుతాయి. కనుక ఇటువంటి పేర్ల నిర్మాణాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాము.

పాశ్చాత్య వైద్యంలో పోలికను తెలిపే గ్రీకు పదాంశాలలో మూడు ముఖ్యమైనవి. మొదటిది 'ఆయిడ్'. 'ఆ రూపం గలది' అని దీని అర్థం. టైఫాయిడ్ అంటే టైఫస్ వంటిది. ఇవి వేరు వేరు రోగాలని ఫిలడెల్ఫియా వైద్యుడు గెర్హార్డ్ 1837లో నిరూపించినా పేరు మాత్రం నిలిచిపోయింది. రెండవది 'పారా', అంటే పక్కనున్నది. పారాటైఫాయిడ్ 'టైఫస్ వంటిదాని పక్కది' అవుతుంది. నిజానికి దానికి టైఫస్‌తో ఏ సంబంధమూ లేదు. మూడవది 'సూడో'. గౌటులో కీళ్ళలో చేరేవి యూరేటు స్ఫటికాలు. అవి కాక కాల్షియం పైరోఫాస్ఫేటు స్ఫటికాలు చేరి అటువంటి నొప్పే కలిగించే స్థితికి 1962లో సూడోగౌట్ అని పేరు పెట్టారు.

'సూడో'కు మన పాఠ్యపుస్తకాలలో 'మిథ్యా' అనేది వాడుక. అమీబాకు మిథ్యాపాదం అంటే ఇబ్బంది లేదు. కాని నొప్పితో బాధపడే మనిషికి 'మిథ్యా' అని చెబితే రోగమే లేదన్నట్లు వినిపిస్తుంది. 'గౌటును పోలిన కీళ్ళవాపు' అనడమే మేలని మా అభిప్రాయం.

మన పల్లెలలో పోలికను చుట్టరికంతో చెప్పారు. మశూచి పెద్దమ్మవారు, ఆటలమ్మ చిన్నమ్మవారు. తమిళంలోనూ ఇదే పద్ధతి: పెరియమ్మై, చిన్నమ్మై. కన్నడంలో మశూచి సిడుబు, ఆటలమ్మ సీతాళె సిడుబు. ఫ్రెంచిలో 'వరియోల్' నుంచి 'వరిసెల్' వచ్చింది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఇది అధికార భాషా పదం. మరాఠీలో దేవి, కాంజిణ్యా అనీ, ఒడియాలో బసంత, హాడఫుటి అనీ పోలిక లేని వేరు పేర్లున్నాయి.

అసలు ప్రమాదం ఇంగ్లీషుతో వస్తుంది. 'స్మాల్‌పాక్స్'లోని 'స్మాల్' సవాయి రోగంతో పోల్చి పెట్టిన మాట. దానిని మాటకు మాటగా తెలిగిస్తే చిన్నమ్మవారు అవుతుంది. అంటే మశూచి ఆటలమ్మగా మారిపోతుంది! భారతదేశంలో మశూచి చివరిసారి 1975లో కనిపించింది; లోకమంతటా అంతరించిందని 1980లో ప్రకటించారు. అంతకుముందు ఈ తారుమారు ప్రాణాంతకమే. ఆటలమ్మ అనుకుని ఊరుకుంటే మశూచి ఊరంతా పాకేది.

లక్షణాలు మాత్రం పేర్లంత తికమకగా లేవు. మశూచిలో జ్వరం వచ్చిన రెండు మూడు రోజులకు పొక్కులు ముఖం, కాళ్ళుచేతుల మీద ఎక్కువగా లేచి, ఒక్కచోటివన్నీ ఒకే దశలో ఉండేవి. అరచేతులను, అరికాళ్ళనూ విడిచేవి కావు. ఆటలమ్మలో పొక్కులు ఛాతీ, వీపుల మీద ఎక్కువ. కొత్తవి, నీరు పట్టినవి, మాడినవి పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇది గడిచిన కథ కాదు. మశూచిని పోలిన ఎంపాక్స్ 2022లో మన దేశంలోనూ కనిపించింది. దానిలో మెడ దగ్గర, గజ్జలలో బిళ్ళలు కట్టడం ముఖ్యమైన గుర్తు. దీనికి మరో 'అమ్మ' పేరు తగిలించవద్దని మా మనవి. 'ఎంపాక్స్' అనే వ్యవహరించడం క్షేమం.

మాండలిక పదాలు సేకరించేవారు రోగం పేరుతో పాటు పొక్కు ఎక్కడ లేస్తుందో, ఎలా మాడుతుందో కూడా అడిగి రాసుకోవాలి. ఆసుపత్రికి వెళ్ళినవారు ఇంటి పేరు చెప్పి ఊరుకోక ఆ గుర్తులనే చెప్పాలి. సరిహద్దు దాటితే పేరు మారవచ్చు గాని గుర్తులు మారవు.